కడగని కుండ

రుషికొండ దాటి భీమిలి వైపు బీచ్ రోడ్డు మీద సాగితే ఎడమ చేతి వైపు ఐటీ కొండ, తొట్లకొండ, ఆ తరవాత ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. ఈ దారి పొడుగునా ఇసక నేల, ఉప్పు గాలి. తాడిచెట్టుకి ఈ రెండూ అడ్డు కావు. చలి తగ్గినప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా ఈ చెట్ల మొవ్వుల్లో కుండలు వేలాడుతుంటాయి. ఉత్తరాంధ్రలో యాత, శ్రీశయన (శెగిడి) కులాల వాళ్లు, గోదావరి వైపు శెట్టిబలిజలు, గౌడలు తరతరాలుగా చేస్తున్న కల్లుగీత వృత్తి ఇది. పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి చెట్టెక్కుతారు. గెల కొసని పలచటి చెక్కులా కోస్తారు. కుండలో చేరినది కిందికి దించుకుని, ఖాళీ అయిన కుండని మళ్లీ గెలకి తగిలిస్తారు.

ఈ అధ్యాయమంతా ఆ చివరి పని గురించే. ఖాళీ కుండని సబ్బు పెట్టి తోమి తగిలిస్తే ఏమవుతుంది? తోమకుండా తగిలిస్తే ఏమవుతుంది?

గెల కోసిన చోట ఊరే రసంలో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. అది తియ్యటి నీరు. అందులో నూటికి పది నుంచి పదహారు పాళ్ల దాకా చక్కెర ఉంటుంది, ఎక్కువ భాగం చెరుకు రసంలో ఉండే సుక్రోజే. పులుపు లేదు, పీహెచ్ ఇంచుమించు 7, అంటే మంచినీళ్లంత. అదే రసం పన్నెండు గంటల తరవాత కిందికి దిగేసరికి పాలలా తెల్లబడి, నురగ కక్కుతూ ఉంటుంది. మరో రోజు తిరిగేసరికి పీహెచ్ 4కి, ఇంకా కిందికి జారుతుంది, ఆల్కహాలు నాలుగైదు శాతం చేరుతుంది. ఆ తెలుపు చెట్టు ఇచ్చిన రంగు కాదు. రసంలో తేలుతున్న కోట్ల కొద్దీ ఈస్ట్ కణాలు, బాక్టీరియా కలిసి వెలుతురుని చెదరగొట్టడం వల్ల కనిపించే తెలుపు.

ఇన్ని జీవులు చెట్టు మీదికి ఎలా చేరాయి? గాలితో కొన్ని, తేనెటీగలు, కందిరీగలు, ఈగల కాళ్లతో కొన్ని, గీసే కత్తితో కొన్ని వచ్చాయి. అయితే అసలు సైన్యం ఉండేది కుండలోనే. నిన్నటి కల్లు పోసేశాక గోడలకి అంటుకున్న తడి, అడుగున మిగిలిన మడ్డి, మట్టి కుండ గోడల సూక్ష్మరంధ్రాల్లో దాగినవి, ఇవన్నీ ఈనాటి రసానికి తోడు. దీనికి రుజువు గీతవృత్తిలోనే ఉంది. అదే చెట్టు, అదే కత్తి, అదే గాలి. కుండ లోపల సున్నం పూసి తగిలిస్తే మాత్రం దిగేది కల్లు కాదు, తియ్యటి నీరా. సున్నం కరిగి రసాన్ని గాఢమైన క్షారంగా మార్చేస్తుంది కాబట్టి ఈస్ట్‌కీ బాక్టీరియాకీ అక్కడ బతుకు లేదు. తాటిబెల్లం కాచేవాళ్లు వాడేది ఈ రసమే. సున్నం రుచి అక్కర్లేదనుకున్న శాస్త్రజ్ఞులు చలిని ఆశ్రయించారు. కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధనా సంస్థ కొబ్బరి నీరాని మంచు నింపిన డబ్బాలో పట్టే పద్ధతి తయారు చేసి, ఆ పానీయానికి కల్పరస అని పేరు పెట్టింది. సున్నమైనా మంచైనా ఆపుతున్నది ఒక్కటే, తోడుకోవడాన్ని.

పెరుగు గురించి కిందటి అధ్యాయంలో చెప్పుకున్నప్పుడు, తోడు వేయడమంటే తెలిసిన ఒకటి రెండు బాక్టీరియాల్ని పాలలోకి పంపడమే అనుకున్నాం. కల్లు కుండ అంత సులువైన సంగతి కాదు. అందులో కనీసం నాలుగు రకాల బతుకులున్నాయి. చక్కెరని ఆల్కహాలుగా మార్చే ఈస్ట్ ఒకటి. ఇది రొట్టెలకీ బీరుకీ పనికొచ్చే సాక్రోమైసిస్ సెరెవిసియేకి స్వయానా బంధువు, చాలాసార్లు అదే. పులుపు పుట్టించే లాక్టిక్ బాక్టీరియా రెండోది. వీటిలో ల్యూకోనోస్టాక్ మనింట్లో పాత చుట్టం. ఇడ్లీ పిండిని పొంగించేది ఈస్ట్ కాదు, ఈ ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అని 1965లో శాస్త్రజ్ఞులు చూపించారు. కల్లులో ఇది సుక్రోజుని పట్టి డెక్స్‌ట్రాన్ అనే జిగురు పదార్థం కడుతుంది. కొన్నిసార్లు కల్లు కాస్త జిగటగా తగలడానికి కారణం ఇదే. నాలుగో రకం ఆల్కహాలుని వెనిగరుగా మార్చే ఎసిటిక్ బాక్టీరియా. మూడోదాన్ని కావాలనే దాటేశాను, దాని కథ పెద్దది.

జైమోమొనాస్ మొబిలిస్ బాక్టీరియాయే అయినా ఈస్ట్ చేసే పని చేస్తుంది. 20వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ఆపిల్ సైడరు పాడవుతుంటే, కారణం వెతుకుతూ బార్కర్, హిలియర్ అనే ఇద్దరు దీన్ని గుర్తించారు. అప్పట్లో దీన్ని దొంగగానే చూశారు. 1924లో జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ లిండ్నర్ మెక్సికోలో కలబంద లాంటి అగావే మొక్క రసంతో చేసే పుల్కే అనే పానీయం నుంచి దీన్ని వేరుచేసినప్పుడు మాత్రం ఇది దొంగ కాదు, ఇంటి మనిషే. పుల్కే మన కల్లుకి అన్నదమ్ముల బిడ్డ, మొక్క గాయం నుంచి ఊరే తియ్యటి రసం తనంతట తాను పులిసిపోతుంది. ఆఫ్రికా తాటికల్లుల్లోనూ ఈ జైమోమొనాస్ కనిపించింది.

దీని తిండి తీరు చూడండి. ఒక గ్లూకోజు అణువుని ఆల్కహాలుగా మార్చినందుకు ఈస్ట్‌కి గిట్టుబాటయ్యేది రెండు ఏటీపీలు, అంటే కణం వాడుకునే శక్తి నాణేలు రెండు. జైమోమొనాస్ వేరే పొట్టి దారిలో పోతుంది కాబట్టి దానికి ఒక్కటే దక్కుతుంది. సగం లాభానికి పనిచేసేవాడు ఎప్పుడో దివాలా తీయాలి కదా? కానీ అలా జరగదు. లాభం తక్కువ కాబట్టి ఇది చక్కెరని ఈస్ట్ కన్నా చాలా వేగంగా మింగుతుంది, ఆ మింగిన దానిలో దాదాపు అంతా ఆల్కహాలుగానే బయటికి పంపుతుంది. చక్కెర కరువైన చోట పొదుపరి గెలుస్తాడు. తాటి గెల నుంచి రసం రోజంతా చుక్క చుక్కగా పడుతూనే ఉంటే దుబారా చేసేవాడికీ చోటుంటుంది. కుండలో ఎవరు నిలుస్తారో తేల్చేది వాళ్ల సత్తువ ఒక్కటే కాదు, తిండి ఏ వేగంతో అందుతోందనేది కూడా.

ఇక్కడ ఒక ముచ్చట. 1950లో పారిస్‌లో జాక్ మోనో, అమెరికాలో ఆరన్ నోవిక్, లియో జిలార్డ్ ఒకరితో ఒకరికి పని లేకుండా ఒకే రకం పరికరాన్ని వర్ణించారు. పాత్రలోకి పోషక ద్రవాన్ని కొంచెం కొంచెంగా వదులుతూ, అంతే ద్రవాన్ని బయటికి తీస్తూ సూక్ష్మజీవుల్ని ఎన్నాళ్లయినా పెంచవచ్చు. దానికి కీమోస్టాట్ అని పేరొచ్చింది. చెట్టు మీద కుండ దానికి అచ్చు నకలు కాదు, ఇక్కడ బయటికి తీసే పని రోజుకి రెండుసార్లే జరుగుతుంది. అయినా దగ్గరి పోలిక ఉంది. చుక్కలుగా పడే తిండి, గడువు ప్రకారం ఖాళీ చేయడం, కొంత మిగల్చడం. ఈ మూడూ కుండలో జనాభాని దిద్దుతాయి.

గడువు సంగతే తీసుకుందాం. 1986లో శ్రీలంక శాస్త్రజ్ఞులు కొబ్బరి కల్లు పులిసే తీరుని మూడు దశలుగా వర్ణించారు. మొదట లాక్టిక్ పులుపు, నడుమ ఆల్కహాలు, చివర వెనిగరు. దశలన్నాను కానీ మెట్లలా వేరువేరుగా ఉండవు, ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉంటాయి. ఈస్ట్ మొదటి గంట నుంచే పని మొదలుపెడుతుంది. వెనిగరు బాక్టీరియా వంతు మాత్రం ఆఖరుదే, ఎందుకంటే దాని తిండి ఆల్కహాలు. అది ముందు తయారై ఉండాలి, పైగా గాలి ఆడాలి. గీతగాళ్లు పొద్దున్నా సాయంత్రమూ కుండ దించడం వల్ల ఆ వంతు రావడానికి ముందే ఆట ముగిసి మళ్లీ మొదటికొస్తుంది. రెండు రోజులు చెట్టెక్కకపోతే కుండలో వెనిగరు జాతి బలపడుతుంది, ఆ తరవాత కొన్ని రోజుల కల్లు త్వరగా ముక్కుకి ఘాటెక్కుతుంది. దానికి మందు చెప్పడానికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు. కుండని శుభ్రంగా కడిగి ఎండలో ఆరబెట్టి, మంచి కల్లు కొంచెం పోసి తిప్పి మళ్లీ వాడటమే.

ఇప్పుడు సముద్రాలు దాటి బెల్జియం వెళ్దాం, పుల్లటి బీరుకి అది పుట్టిల్లు. బ్రస్సెల్స్ చుట్టూ సెన్నే నది లోయలో లాంబిక్ అనే బీరు కాస్తారు. కల్లుకీ దానికీ పెద్ద తేడా ఒకటుంది. బార్లీ మొలకల కషాయాన్ని గంటల తరబడి మరిగిస్తారు కాబట్టి అందులో ప్రాణం ఉన్నది ఏదీ మిగలదు. వేడి వేడి కషాయాన్ని పైకప్పు కింద లోతు తక్కువ పళ్లెం లాంటి పెద్ద రాగి తొట్టిలో రాత్రంతా చల్లారనిస్తారు. గాలిలోవి, కప్పు దూలాల మీదివి అందులో పడతాయి. మర్నాడు ఓక్ పీపాల్లోకి నింపుతారు. పీపా కలపలో ఏళ్ల తరబడి కాపురమున్న జీవులు తక్కిన పని చూసుకుంటాయి. అంటే ఇది కూడా కడగని కుండే, కాకపోతే చెక్కది. మొదటి నెల పేగు బాక్టీరియా కుటుంబానివి, తరవాత సాక్రోమైసిస్ ఈస్ట్, కొన్ని నెలలకి పెడియోకాకస్ అనే పులుపు బాక్టీరియా, ఆపైన ఏడాదీ రెండేళ్లూ బ్రెటనోమైసిస్ అనే నెమ్మది ఈస్ట్. కల్లు కుండలో ఒకటి రెండు రోజుల్లో జరిగే నాటకాన్ని వాళ్లు ఏళ్లకి సాగదీశారు. చలి దేశం కాబట్టి సాగింది. మన తీరంలో 30 డిగ్రీల ఉక్కలో అంత ఓపిక కుదరదు.

అమెరికాలో, ఐరోపాలో ఇంటి దగ్గర బీరు కాచుకునేవాళ్లు ఈ పుల్లటి బీరు చేయడానికి మరో దారి పట్టారు. సీసా అడుగున మిగిలిన మడ్డినో, ఒక విడత బీరు తీసేశాక పాత్రలో మిగిలిన మడ్డినో దాచి, దాని మీద కొత్త కషాయం పోస్తారు. అందులో ఈస్ట్, లాక్టిక్ బాక్టీరియా, బ్రెటనోమైసిస్ కలిసి ఉంటాయి. ఈ మడ్డినే ఏళ్ల తరబడి విడతల వారీగా వాడుకునేవాళ్లున్నారు. (ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం నేరం. ఈ అధ్యాయం అర్థం చేసుకోవడానికే గాని పొయ్యి మీద పెట్టడానికి కాదు.) వాళ్లలో చాలామందికి ఎదురయ్యే అనుభవం ఒకటే. మొదటి విడత బాగుంటుంది, రెండోది ఇంకా బాగుంటుంది, నాలుగో ఐదో విడతకి పులుపు పళ్లు పులిసేదాకా పోతుంది. మడ్డి పాడైపోయిందని పారబోస్తారు. నిజానికి మడ్డి పాడవలేదు, అందులోని జీవుల పాళ్లు మారాయి. తోడులో మనం దాచేది జీవుల్ని మాత్రమే కాదు, వాటి మధ్య నిష్పత్తిని కూడా. జీవులు ఉంటాయి. నిష్పత్తి ఉండదు.

ఎందుకుండదో లెక్క చేసి చూద్దాం. ఊహించిన అంకెలతోనే చేద్దాం, తీరు తెలియడం ముఖ్యం. ఈస్ట్ రెండు గంటలకోసారి రెట్టింపవుతుందనీ, పులుపు బాక్టీరియా గంటన్నరకోసారి రెట్టింపవుతుందనీ అనుకుందాం. మొదటి తోడులో వెయ్యి ఈస్ట్ కణాలకి ఒక్క బాక్టీరియా. కొత్త కషాయంలో పదో వంతు తోడు వేశాం. ఈస్ట్ మళ్లీ పాత్ర నిండాలంటే పది రెట్లు పెరగాలి, దానికి సుమారు ఆరున్నర గంటలు పడుతుంది. ఆ వ్యవధిలో బాక్టీరియా ఇరవై ఒక్క రెట్లు పెరుగుతుంది. అంటే ఒక్క విడతలో నిష్పత్తి బాక్టీరియా వైపు రెండు రెట్లకి కాస్త పైగా ఒరిగింది. పెద్ద మార్పులా కనబడదు, నాలుక పసిగట్టదు కూడా. కానీ విడత విడతకీ అదే జరిగితే తొమ్మిదో విడతకి దాదాపు ఇద్దరూ సమానమవుతారు.

ఇప్పుడు పదో వంతు బదులు నూరో వంతు తోడు వేశామనుకోండి. ఈస్ట్ నూరు రెట్లు పెరగాలి, పదమూడు గంటల పైన పడుతుంది. ఆలోగా బాక్టీరియా నాలుగు వందల అరవై రెట్లవుతుంది. నాలుగైదు విడతలకే సమానం! తోడు తక్కువ వేసినకొద్దీ పాత్ర నిండడానికి ఎక్కువ తరాలు పట్టి, ప్రతి తరమూ వేగంగా పెరిగేవాడికి మరో అవకాశమవుతుంది. పొదుపు చేద్దామని తోడు తగ్గించేవాళ్లు తెలియకుండానే మార్పుని తొందరపెడుతున్నారు. నాకీ లెక్క చాలా ఇష్టం, ఎందుకంటే ఇందులో మంచి చెడూ లేవు, కేవలం భాగహారం ఉంది.

నిజం కుండలో ఈ పరుగు అంతులేకుండా సాగదు. బాక్టీరియా తాను పుట్టించిన ఆమ్లానికే తాను మందగిస్తుంది. ఆల్కహాలు పెరిగితే కొన్ని జాతులు ఆగిపోతాయి. అంతకన్నా ముఖ్యం, మనిషి చెయ్యి పదే పదే అడ్డుపడుతుంది. తోడు ఎక్కడ నుంచి తీస్తున్నామనేది ఒకటి. ఈస్ట్ కణాలు పెద్దవి, బరువైనవి, పని అయ్యాక ముద్దలుగా అడుగుకి చేరతాయి. లాక్టిక్ బాక్టీరియా చాలావరకు పైన తేటలో తేలుతుంటాయి. వెనిగరు బాక్టీరియా గాలి కోసం పైన తెట్టు కడుతుంది. అడుగు మడ్డి తీసి దాచితే ఈస్ట్‌కి ఓటేసినట్టు, తేట తీసి దాచితే పులుపుకి ఓటేసినట్టు. తెట్టు కూడా వెంట తెచ్చుకుంటే మూడో విడతకి వెనిగరు అమ్ముకోవచ్చు.

బీరు కాచేవాళ్ల చేతిలో ఇంకో పగ్గం ఉంది, హాప్స్ అనే తీగ పువ్వులు. వీటి చేదు పదార్థాలు ఈస్ట్‌ని పెద్దగా ఏమీ చేయవు, లాక్టిక్ బాక్టీరియా కణపొరని మాత్రం గట్టిగా దెబ్బతీస్తాయి. మడ్డి మరీ పుల్లబడితే ఒక విడత హాప్స్ దండిగా వేసి కాస్తే నిష్పత్తి మళ్లీ ఈస్ట్ వైపు జరుగుతుంది. (ఆ చేదుని తట్టుకునే జన్యువులు సంపాదించిన మొండి బాక్టీరియా కూడా ఉంది, లెవిలాక్టోబాసిల్లస్ బ్రెవిస్. మామూలు బీరు కంపెనీలకి అది పీడకల.) ఈ ఎత్తు కల్లు దేశాలకి తెలియనిది కాదు. శ్రీలంకలో హల్ అనే చెట్టు బెరడు ముక్కల్ని కుండలో వేస్తారు, పులియడం మందగిస్తుంది. నైజీరియాలో తాటికల్లులో సాకోగ్లోటిస్ బెరడు వేసే అలవాటుంది. చేదు, వగరు రుచుల్లో సూక్ష్మజీవుల్ని అదుపు చేసే రసాయనాలున్నాయని హాప్స్ పండని ఊళ్లు కూడా తమంతట తాము కనిపెట్టాయి.

ఇంత తలనొప్పి ఎందుకు, ఒక్క జీవినే పెంచుకుంటే సరిపోదా అని అడిగినవాడు ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్. కోపెన్‌హాగెన్‌లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాల 1875లో మొదలైంది. బీరు ఒక్కోసారి చేదెక్కి పాడైపోతోంది, కారణం తెలియదు. హాన్సెన్ తోడు మడ్డిని పలచన చేసీ చేసీ చివరికి ఒక్క ఈస్ట్ కణం నుంచి సంతానాన్ని పెంచాడు. 1883లో కార్ల్స్‌బర్గ్ ఆ శుద్ధ ఈస్ట్‌తో బీరు కాచింది. పాడవడానికి కారణం మడ్డిలో చేరిన ఇతర ఈస్ట్‌లని తేలిపోయింది. కంపెనీ ఆ ఈస్ట్‌ని దాచుకోలేదు, అడిగిన బీరు తయారీదార్లకి ఇచ్చేసింది. నేటికీ మామూలు బీరు కంపెనీలు మడ్డిని కొన్ని విడతలు వాడి, నిష్పత్తి చెదిరే లోపు పారబోసి, ప్రయోగశాలలో దాచిన మూలం నుంచి మళ్లీ మొదలుపెడతాయి. తరాల లెక్కని సున్నాకి తెచ్చే పద్ధతి ఇది.

ఆ కార్ల్స్‌బర్గ్‌లోనే ఇరవై ఏళ్ల తరవాత ఇంకో సంగతి బయటపడింది. ఏళ్ల తరబడి పీపాల్లో ముదిరిన ఇంగ్లిష్ బీరుకి ఉండే ప్రత్యేక వాసన శుద్ధ ఈస్ట్‌తో కాస్తే రావడం లేదు. నీల్స్ క్లాసెన్ 1904లో కారణం చెప్పాడు. ఆ వాసన తెచ్చేది మరో ఈస్ట్, దానికి బ్రెటనోమైసిస్ అంటే బ్రిటిష్ శిలీంధ్రం అని పేరు పెట్టాడు. హాన్సెన్ ఊడ్చేసిన గుంపులోనే రుచి కూడా కొంత పోయిందన్న మాట. ఇంట్లో పుల్లటి బీరు కాచేవాళ్లు నేడు డబ్బిచ్చి కొనుక్కునేది ఆ ఊడ్చేసినదాన్నే.

పదే పదే వాడటం నిష్పత్తినే కాదు, జీవినే మార్చగలదు. 2016లో ఒక బెల్జియన్ బృందం పరిశ్రమల్లో వాడే 157 ఈస్ట్ రకాల జన్యువుల్ని చదివింది. బీరు ఈస్ట్‌లు వందల ఏళ్లుగా మడ్డి నుంచి మడ్డికి మారుతూ, ఎన్నడూ బయటి ప్రపంచం మొహం చూడకుండా బతికాయి. ఫలితంగా చాలా రకాలు లైంగికంగా సంతానం కనే శక్తినే దాదాపు పోగొట్టుకున్నాయి. లవంగం లాంటి వాసన తెచ్చే జన్యువులు కూడా చాలావాటిలో పాడైపోయాయి, ఎందుకంటే ఆ వాసన వచ్చిన మడ్డిని మనిషి దాచలేదు. ద్రాక్షసారా ఈస్ట్‌లు ఇంతగా మారలేదు. ద్రాక్షతోట ఏడాదికోసారే పండుతుంది, మిగతా కాలమంతా ఆ ఈస్ట్ తోటలో, పురుగుల్లో తన బతుకు తాను బతకాలి. కల్లు ఈస్ట్ ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉంటుందని నా అనుమానం. కాలంలో రోజూ కుండ మారుస్తుంది, కాలం అయిపోతే చెట్టూ పురుగూ దాని దిక్కు.

నార్వేలో పల్లె రైతులు క్వెయిక్ అనే ఈస్ట్‌ని తరాల నుంచి దాచుకుంటున్నారు. చెక్కతో చేసిన పెద్ద గొలుసులాంటి రింగుని మడ్డిలో ముంచి ఆరబెట్టి వేలాడదీస్తారు, మళ్లీ బీరు కాచే రోజున కషాయంలో వేస్తారు. వాళ్లు కషాయం బాగా చల్లారేదాకా ఆగకుండానే తోడు వేసే అలవాటు వల్ల ఆ ఈస్ట్ 30 నుంచి 40 డిగ్రీల వేడిలో కూడా చక్కగా పనిచేస్తుంది. మామూలు ఈస్ట్ ఆ వేడికి ఘాటు వాసనలు వదులుతుంది. విశాఖ మే నెల వేడికి సరిపడే ఈస్ట్ ఉత్తర ధ్రువం దగ్గరి మంచుదేశంలో పుట్టడం వింతే గాని, ఈస్ట్‌కి తెలిసిన వాతావరణం ఊరిది కాదు, పాత్రది. మనకి దగ్గరలో ఒడిశా, జార్ఖండ్ ఆదివాసులు హండియా అనే బియ్యం బీరు కోసం రాను అనే బిళ్లలు వాడతారు. బియ్యప్పిండిలో అడవి వేర్లు, ఆకులు కలిపి ఆరబెట్టిన ఆ బిళ్లలో బూజు, ఈస్ట్, బాక్టీరియా నిద్రపోతుంటాయి. బూజు బియ్యపు పిండిని చక్కెరగా మారుస్తుంది, తక్కినవి దాన్ని తింటాయి. ఆరబెట్టడం కూడా ఎంపికే. ఎండుని తట్టుకోలేనివి రాలిపోతాయి.

ఇన్ని ఒడిదుడుకుల్లో ఈస్ట్, లాక్టిక్ బాక్టీరియా మాత్రం ఒకదాన్నొకటి వదలకపోవడం నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా అనిపించే విషయం. కల్లులో, పుల్లటి బీరులో, పులిసిన రొట్టె పిండిలో, కెఫిర్‌లో, ప్రపంచంలో ఏ మూల చూసినా ఈ జంట కనిపిస్తుంది. 2017లో వచ్చిన ఒక పరిశోధన కారణం చూపించింది. నత్రజని దండిగా ఉన్నప్పుడు ఈస్ట్ తనకి కావలసిన దానికన్నా ఎక్కువ తయారు చేసి, ఎమైనో ఆమ్లాలని బయటికి వదిలేస్తుంది. లాక్టిక్ బాక్టీరియాకి వాటిని సొంతంగా తయారు చేసుకునే సత్తా చాలా తక్కువ. ఈస్ట్ వదిలేసినది దీనికి భోజనం. దీని పులుపు ఇతర జీవుల్ని దూరంగా ఉంచుతుంది, ఈస్ట్‌కి పులుపంటే భయం లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో పులుపు రొట్టెలో ఇంకా చక్కటి ఏర్పాటుంది. 1971లో క్లైన్, సుగిహారా కనుక్కున్నట్టు అక్కడి బాక్టీరియా మాల్టోజ్ అనే చక్కెర తింటుంది, అక్కడి ఈస్ట్ దాన్ని ముట్టదు. పంచాయితీకి తావే లేదు.

గుంపుగా ఉండటానికి ఇంకో లాభముంది. న్యూజిలాండులో జున్ను తయారీకి ఒకే రకం బాక్టీరియాని వాడుతున్న డెయిరీల్లో తోడు ఉన్నట్టుండి చచ్చిపోయేది. 1935లో వైట్‌హెడ్, కాక్స్ అసలు దోషిని పట్టుకున్నారు. అది బాక్టీరియాని తినే వైరస్, బాక్టీరియోఫేజ్. ఒకే రకం ఉన్న చోట ఒక్క వైరస్ మొత్తాన్ని తుడిచేస్తుంది. నాలుగు రకాలు కలిసి ఉన్నచోట ఒకటి పోయినా మిగతావి పని నడిపిస్తాయి. శుద్ధతకి ఉన్న ఈ బలహీనత హాన్సెన్ కాలానికి తెలియదు.

చుట్టూ తిరిగాం కాబట్టి వంటింట్లో కూడా ఒక కుండ చూడాలి, దానికి లైసెన్సు అక్కర్లేదు. తరవాణి. గంజిలో కాస్త అన్నం, నీళ్లు వేసి పులియబెట్టి, పుల్లటి నీరు రోజూ వాడుకుంటూ, ఖాళీ అయినంత మేర కొత్త గంజి పోస్తూ పోవడం. కుండ మొత్తం ఎప్పుడూ ఖాళీ కాదు. స్పెయిన్‌లో షెర్రీ సారాని పాత పీపాల నుంచి కొంత తీసి కొత్తది నింపుతూ ముదరబెట్టే పద్ధతిని సొలెరా అంటారు, బీరు కాచేవాళ్లు ఆ పేరు, పద్ధతి రెండూ అరువు తెచ్చుకున్నారు. తరవాణి కుండ అదే పని గంజితో చేస్తుంది. ఇందాకటి లెక్క ఇక్కడ పనికొస్తుంది. రోజూ సగం తీసి సగం నింపితే జీవులు రోజుకి ఒక్కసారి రెట్టింపైతే చాలు. నిష్పత్తి అతి నెమ్మదిగా కదులుతుంది. ముప్పావు వంతు తీసేసే ఇంట్లో రెండుసార్లు రెట్టింపవ్వాలి, మార్పు అంత వేగం. అమ్మమ్మల ఇళ్లలో కుండ ఏళ్ల తరబడి ఒకే రుచి నిలిపిందంటే చేతివాటం ఎంత ఉందో, ఎక్కువ మిగల్చడం కూడా అంత ఉంది. వేసవిలో రుచి కాస్త అటూ ఇటూ అయితే అదీ కుండ తప్పు కాదు. వేడి పెరిగితే అన్ని జీవులూ వేగం పెంచుతాయి గాని, ఒకే మోతాదులో పెంచవు.

తాడి కాలం ముగిశాక కుండలు పాక చూరు కింద బోర్లించి ఉంటాయి. ఎండిన మడ్డిలో కొన్ని ఈస్ట్ కణాలు గింజల్లా ముడుచుకుని నెలల తరబడి ఉండగలవు. శీతాకాలంలో ఈత చెట్లు గీసే ఊళ్లలో తాడి నుంచి ఈతకీ, ఈత నుంచి తాడికీ తోడు చేరే దారి ఉంది, గీసేవాళ్లు వాళ్లే, కుండలూ అవే కాబట్టి. ఇవేవీ లేని చోట ఎలా? ఇటలీలో ద్రాక్షతోటల మీద పనిచేసిన శాస్త్రజ్ఞులు 2012లో దీనికి ఒక జవాబు చెప్పారు. కందిరీగల పేగుల్లో సాక్రోమైసిస్ ఈస్ట్ చలికాలమంతా బతికే ఉంటుంది. వసంతంలో రాణి కందిరీగ గూడు కట్టి పిల్లలకి తిండి పెట్టేటప్పుడు ఈస్ట్ ఆ పిల్లల పేగుల్లోకి చేరుతుంది. అవి పెద్దవై తియ్యటి పళ్ల మీద వాలతాయి. మలేషియా అడవుల్లో బెర్తం అనే తాటి జాతి పూలలో తేనె దానంతటదే పులిసి, 3.8 శాతం దాకా ఆల్కహాలు చేరుతుందనీ, ఈకలాంటి తోక ఉన్న చిన్న చెట్టుచుంచు ఒకటి రాత్రిళ్లు దాన్ని తాగి తూలకుండా తిరుగుతుందనీ 2008లో మరో బృందం రాసింది. పిల్లల నోట్లో ఈస్ట్ పెట్టే కందిరీగ, తాటిపువ్వులో కల్లు తాగే చుంచు. మనిషి కుండ చేయడం నేర్వకముందే తోడు చేతులు మారుతోంది.